పేరు గడి, చిరునామా గడి

థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాములో న్యూస్‌గ్రూపు ఖాతా పెట్టుకోబోతే అది మొదట అడిగేది మీ పేరు, మీ ఈమెయిల్ చిరునామా. ఏ సర్వర్ అన్నది ఆ తర్వాతే. ఈ రెండు గడుల్లో మీరేం కొట్టినా అది కాదనదు. ఓటీపీ పంపదు, ఆధార్ అడగదు, ఆ చిరునామాకి ఒక్క మెయిలైనా పెట్టి సరిచూడదు. మీరు కొట్టినదే మీ ప్రతి పోస్టు నెత్తిన ‘ఫ్రమ్’ అనే వరుసలో ఎక్కి, సర్వర్ నుంచి సర్వర్‌కి పాకి, లోకమంతా తిరుగుతుంది. ఆనక వెనక్కి తీసుకుందామంటే, రద్దు సందేశం పంపే వీలు పేరుకి ఉన్నా చాలా సర్వర్లు దాన్ని లెక్కచేయవు. అర నిమిషంలో నింపేసిన గడులు ఏళ్ళ తరబడి మన వెంట ఉంటాయి.

ఇవాళ న్యూస్‌గ్రూపులు ఎవరు చూస్తున్నారని అడగవచ్చు. చూసేవాళ్ళు తగ్గారు. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్ ద్వారా ఈ న్యూస్‌గ్రూపులుండే యూజ్‌నెట్‌లోకి కొత్త పోస్టులు పంపే వీలు కూడా పోయింది. అందువల్ల అక్కడ రాయాలనుకునేవాళ్ళు మళ్ళీ థండర్‌బర్డ్ వంటి న్యూస్‌రీడర్ దగ్గరికి, ఈ రెండు గడుల దగ్గరికి రావలసి వస్తోంది. అసలు పేరు పెట్టాలా, మారుపేరు సరిపోతుందా అన్నది ఇవాళ ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఉన్న ప్రశ్నే. నెట్ ఎక్కిన తొలి తెలుగువాళ్ళు దాన్ని ముప్పై ఏళ్ళ కిందటే ఎదుర్కొన్నారు. వాళ్ళ అనుభవం తెలిస్తే మనకి కొంత మేలు.

యూజ్‌నెట్ ఆలోచన 1979లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థులు టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్‌లకి వచ్చింది. 90ల్లో అందులో మనవాళ్ళకంటూ ఒక చోటు ఉండేది: సాక్.కల్చర్.ఇండియన్.తెలుగు. రాజమండ్రిలోనో భీమవరంలోనో ఇంటర్ చదివి, కాకినాడలో ఇంజనీరింగ్ చేసి, పై చదువుకి అమెరికా వెళ్ళిన కుర్రవాడికి రాత్రిపూట ల్యాబ్‌లో కూర్చుని తెలుగు మాట చదువుకోవడానికి అదొక దారి. ఆ మాట ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండేది. హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ చేసిన ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్నబడి, పెద్దబడి అక్షరాలు కలిపి కొట్టుకుంటూ పద్యాలు కూడా రాసేవారు.

ఆ రోజుల్లో యూనివర్సిటీల యూనిక్స్ యంత్రాల మీద ఆర్‌ఎన్, టీఆర్‌ఎన్, టిన్ వంటి న్యూస్‌రీడర్లు వాడేవారు. అవి చాలాచోట్ల పేరే అడిగేవి కావు. కంప్యూటర్ సెంటర్ వాళ్ళు ఖాతా తెరిచినప్పుడు పాస్‌వర్డ్ ఫైలులో ఏ పేరు ఎక్కించారో దాన్నే తీసుకుని ‘ఫ్రమ్’ వరుసలో పెట్టేసేవి. చిరునామా కూడా ఆ యంత్రానిదే. కావాలంటే మార్చుకునే వీలుంది గాని, ఆ సంగతి తెలిసినవాళ్ళు తక్కువ, తెలిసీ మార్చినవాళ్ళు ఇంకా తక్కువ. తొలితరం అంతా అసలు పేర్లతోనే రాసిందని, అప్పటి మర్యాదే వేరని గొప్పగా చెప్పుకుంటూ ఉంటారు. అందులో మర్యాద పాలు కొంత, యంత్రం పాలు చాలా. గడి ఖాళీగా కనబడి, ‘నీ ఇష్టం, ఏదైనా రాసుకో’ అన్నప్పుడే మనిషి నిజంగా ఎంచుకున్నట్టు.

ఆ యంత్రం తీసుకున్న పేరైనా మన పేరేనా అంటే అదీ అనుమానమే. గోదావరి జిల్లాల్లో అన్నవరం దేవుడి దయవల్ల ఇంటికో సత్యనారాయణ, వీధికో సత్యవతి. పాస్‌పోర్టులో వెంకట సత్య సూర్యనారాయణ అని ఉన్నవాణ్ణి అమెరికాలో మొదటి ముక్క పట్టుకుని ‘వెంకట్’ అంటారు, ఊళ్ళో ఆ పేరుతో వాణ్ణి ఎవరూ పిలిచి ఉండరు. పదిమంది సత్యనారాయణలున్న గ్రూపులో ఎవరు ఎవరో తెలియాలంటే ఇంటిపేరు కావాలి. ఇంటిపేరు పెడితే చాలా సంగతులు దానితోపాటు వచ్చేస్తాయి. ర్యాలి, పలివెల, ముక్కామల అనగానే కోనసీమ ఊళ్ళు కళ్ళముందు నిలుస్తాయి. ఇంటిపేరు వినగానే ఏ ఊరు, ఎవరి తాలూకు, ఏ కులం అని లెక్క కట్టేయడం మనకి అన్నం కలుపుకున్నంత అలవాటు. ఇంగ్లాండులో స్మిత్ అని రాసుకున్నవాడు ఇంత బయటపెట్టుకోడు. పడమటి దేశాల వాళ్ళు అసలు పేరు మంచిదా కాదా అని వాదించుకున్నదాన్ని మనం యథాతథంగా తెచ్చుకోకూడదని నేననేది ఇందుకే.

అయినా అసలు పేరు పక్షాన బలమైన వాదమే ఉంది. న్యూస్‌గ్రూపుకి కాపలాదారుడు లేడు. మోడరేటర్ ఉన్న గ్రూపులు కొన్నే, మిగతా చోట్ల తిట్టినా ఆపేవాడు లేడు, అబద్ధమాడినా తీసేసేవాడు లేడు. అలాంటి చోట మనిషిని అదుపులో పెట్టేది రేపు ఈ మాట నాదే అని నలుగురూ అంటారన్న జంకు ఒక్కటే. పేరు తీసేస్తే ఆ జంకూ పోతుంది.

ఆకాశరామన్న మనకి కొత్తవాడేం కాదు. సంబంధం ఖాయమై, లగ్నపత్రిక రాయించుకునే వేళకి పెళ్ళివారింటికి వచ్చే ఉత్తరం సంగతి డెల్టాలో తెలియని ఊరు లేదు. పిల్లకి ఏదో జబ్బుందనో, పిల్లాడికి వేరే సంసారం ఉందనో రెండు వాక్యాలు. కింద సంతకం ఉండదు. అబద్ధమని తేలినా సంబంధం నిలబడుతుందన్న నమ్మకం లేదు. రాసినవాడు అదే పెళ్ళి పందిట్లో రెండో బంతిలో కూర్చుని భోంచేసి వెళతాడు. ఇలాంటి ఉత్తరం వల్ల ఒక ఆడపిల్ల పడే బాధని దగ్గర నుంచి చూసినవాళ్ళెవరూ ‘మారుపేరు నా హక్కు’ అన్న మాటని తేలిగ్గా ఒప్పుకోలేరు. నేనూ ఒప్పుకోలేను.

పేరుతో నిలబడ్డవాడి మాటకి ఉండే బరువుకి రాజమండ్రిలోనే పెద్ద ఉదాహరణ ఉంది. కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రిక పెట్టి, తానున్న ఊళ్ళోని అవినీతి మీద, ఆచారాల మీద తన పేరుతోనే రాశాడు. 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం తన చేతుల మీదుగా జరిపించాడు. ఇదంతా పేరు చెప్పని మనిషి కరపత్రాలు పంచి చేయగలిగే పని కాదు. ఎదుటివాడు తలుపు తట్టి ‘ఇలా ఎందుకు రాశావు’ అని అడగగలిగే చోట ఉండి రాయబట్టే ఆ రాతకి విలువ.

ఆ కథలోనే రెండో పక్షానికి కావలసిన సాక్ష్యమూ ఉంది. ఆ పెళ్ళిళ్ళతో సంబంధం పెట్టుకున్నవాళ్ళని వెలివేశారు. మొదట అండగా ఉంటామన్నవాళ్ళలో చాలామంది వెలికి జడిసి వెనక్కి తగ్గారు. వాళ్ళని పిరికివాళ్ళని తీసిపారేయడం ఇవాళ మనకి సులువు. శుభకార్యానికి బంధువు రాని, పిల్లకి సంబంధం దొరకని, పౌరోహిత్యానికి మనిషి దొరకని బతుకు ఎలా ఉంటుందో వాళ్ళకి తెలుసు. వీరేశలింగానికి పత్రిక ఉంది, ఉద్యోగం ఉంది, ఊరి బయట కూడా అండ ఉంది. అవేవీ లేనివాడు అదే సంతకం పెడితే చెల్లించేది చాలా ఎక్కువ. పేరు పెట్టడానికి అయ్యే ఖర్చు అందరికీ ఒకటి కాదు. ఈ తగువులో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే, అసలు పేరు పక్షం వాళ్ళు తరచు దాటవేసేదీ ఇదే.

ఆడవాళ్ళ సంగతి తీసుకోండి. ఏ గ్రూపులోనైనా ఆడపేరుతో ఒక ప్రశ్న అడిగి చూస్తే తెలుస్తుంది: గ్రూపులో వచ్చే జవాబుల కంటే విడిగా పెట్టెలోకి వచ్చే ఉత్తరాలు ఎక్కువ, వాటిలో ప్రశ్నకి సంబంధించినవి తక్కువ. అందుకే చాలామంది పొట్టి అక్షరాలతో, ఆడో మగో తేలని పేరుతో రాశారు. అది మోసం కాదు, వీధిలో తల వంచుకుని గబగబా నడవడం లాంటి జాగ్రత్త. తప్పెవరిదో చూడకుండా జాగ్రత్తపడినవాళ్ళని నిందించడం న్యాయం కాదు.

కులం సంగతి ఇంకా బరువైనది. ఒక దళిత విద్యార్థి తన కాలేజీలో జరిగినదాన్ని రాయాలంటే పూర్తి పేరు, ఇంటిపేరు పెట్టమని అడగడం అతన్ని నోరు మూసుకోమనడమే అవుతుంది. మన దగ్గర పేరు మీద మంట ఎంత త్వరగా రాజుకుంటుందో 2022 మే 24న అమలాపురం చూసింది. జిల్లా పేరుకి అంబేద్కర్ పేరు చేర్చే విషయంలో మొదలైన ఆందోళన మంత్రి ఇంటిని, ఎమ్మెల్యే ఇంటిని తగలబెట్టేదాకా పోయింది, కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. ఆ వారంలో శాంతంగా ఒక మాట చెప్పాలనుకున్నవాడికి సైతం ఇంటిపేరు అడ్డొచ్చి ఉంటుంది. వాడేం చెప్పాడన్నది చదవకుండానే వాడెవరి తరఫు అన్నది జనం తేల్చేస్తారు.

ఇంత పెద్ద విషయాలే కానక్కర్లేదు. ఉండి, ఆకివీడు వైపు వనామి రొయ్య వేసిన రైతుని అనుకోండి. తెల్లవారుజామున చెరువు గట్టు మీద నాలుగు రొయ్యలు తేలి కనబడ్డాయి, పెంకు మీద తెల్లమచ్చలు. ఫొటో తీసి గ్రూపులో పెట్టి ‘ఇది వైట్ స్పాటేనా, ఏం చేయాలి’ అని అడగాలి. అదే గ్రూపులో కొనుగోలుదారులూ ఉంటారు. ఫలానా ఆయన చెరువు పడిపోతోందని తెలిస్తే, గత్యంతరం లేక వెంటనే పట్టుబడి చేస్తాడని తెలిస్తే, కౌంటుకి వాళ్ళు చెప్పే రేటు వేరేగా ఉంటుంది. వాట్సాప్ గ్రూపులో పేరు ఏం పెట్టుకున్నా మామూలుగా ఫోన్ నంబరు మిగతావాళ్ళకి కనబడుతుంది. న్యూస్‌రీడర్‌లో ఆ ఇబ్బంది లేదు, ఫోన్ నంబరు అడగనే అడగదు. పక్క చెరువుల వాళ్ళకీ మేలు చేసే ప్రశ్న అది. అడిగినవాడి పేరు లేనంత మాత్రాన దాని విలువ పిసరంతైనా తగ్గదు.

మారుపేరు పెట్టినవాళ్ళంతా ఆకాశరామన్నలు కారు. పురాణం సుబ్రహ్మణ్యశర్మ ఆంధ్రజ్యోతి వారపత్రికలో ‘పురాణం సీత’ పేరుతో ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాశారు. వారం వారం అదే పేరు, అదే గొంతు. బాగుంటే మెచ్చుకున్నారు, నచ్చకపోతే ఆ పేరునే తిట్టారు. పది రోజులు పోయాక కూడా పట్టుకుని అడగగలిగే పేరైతే అది మారుపేరైనా ఒక ముఖం ఉన్నట్టే. వచ్చిన చిక్కల్లా ఇవాళ ఒకటి, రేపు ఒకటి, తనని తానే సమర్థించుకోవడానికి మూడోది పెట్టుకునేవాడితో. వాడు అసలు పేరుతో వచ్చినా నమ్మదగినవాడు కాదు.

ఇక రెండో గడి. చర్చ ఎప్పుడూ పేరు చుట్టూ తిరుగుతుంది, చిరునామా దాని నీడలో ఉండిపోతుంది. యూజ్‌నెట్ పోస్టు ఎలా ఉండాలో చెప్పిన 1987 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1036 అనే ప్రమాణ పత్రం చూస్తే సంగతి తలకిందులుగా ఉంటుంది. ‘ఫ్రమ్’ వరుసలో తప్పనిసరిగా ఉండవలసింది చిరునామా, పేరు ఐచ్ఛికం. అందులో ఇంగితం ఉంది. పోస్టు పెట్టినవాడితో నలుగురిలో కాకుండా విడిగా మాట్లాడాల్సిన సందర్భాలు ఉంటాయి. ‘మీరు రాసిన పద్యంలో యతి తప్పింది’ అని పదిమందిలో అనే బదులు చాటుగా రాయడం మర్యాద. సాక్.కల్చర్.ఇండియన్.తెలుగులో చదివి విడిగా ఉత్తరాలు రాసుకుని స్నేహితులైనవాళ్ళు ఎందరో. చిరునామా పనిచేయకపోతే ఆ దారి మూసుకుపోతుంది.

1994 ఏప్రిల్‌లో ఆ దారికి అడ్డం పడింది. కాంటర్, సీగెల్ అనే ఇద్దరు అమెరికా లాయర్లు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనని వేలాది న్యూస్‌గ్రూపుల్లో కుమ్మరించారు.  ఆ తర్వాత న్యూస్‌గ్రూపుల్లోని చిరునామాలని ప్రోగ్రాములతో ఏరుకుని అమ్ముకోవడం వ్యాపారమైంది. దాంతో జనం చిరునామా మధ్యలో ‘నోస్పామ్’ అని ఇరికించడం మొదలుపెట్టారు. మనిషి చదివితే తెలుస్తుంది, యంత్రానికి తెలియదని ఆశ. యంత్రాలు త్వరగానే నేర్చుకున్నాయి.

కొందరు ఇంకో అడుగు వేసి, నోటికొచ్చిన డొమైన్ పేరు కల్పించి రాశారు. ఇది మాత్రం తప్పు. మీరు కల్పించాననుకున్న డొమైన్ ఎవరిదో నిజంగా ఉండవచ్చు, మీకు రావలసిన చెత్తంతా ఆ అమాయకుడి పెట్టెలో పడుతుంది. చిరునామా ఇవ్వదలచుకోనివాళ్ళ కోసం పద్ధతి ప్రకారం ఒక దారి ఉంది. 1999లో ఆర్‌ఎఫ్‌సీ 2606 ‘.ఇన్‌వాలిడ్’ అనే ముగింపుని ఎవరికీ అమ్మకుండా పక్కన పెట్టింది. చిరునామా చివర అది కనబడితే ఇది పనిచేయదని మనిషికీ యంత్రానికీ కూడా తెలిసిపోతుంది, ఎవరి నెత్తినా పడదు. దాచిపెట్టడంలోనూ నిజాయితీ ఉండవచ్చునని దీన్నిబట్టి తెలుస్తుంది.

పూర్తిగా దాగడం కుదురుతుందా అంటే, ఆ ఆశ వదులుకోవాలి. కవరు వెనక ‘ఫ్రమ్’ చిరునామా రాయకపోయినా పోస్టాఫీసు ముద్ర ఏ ఊళ్ళో డబ్బాలో వేశారో చెప్పేస్తుంది. అలాగే పోస్టు హెడర్లలో సర్వర్ తన వంతుగా కొన్ని వరుసలు చేరుస్తుంది. ఏ యంత్రం నుంచి వచ్చిందో చెప్పే వరుస చాలాకాలం బాహాటంగానే కనబడేది. ఇప్పుడు చాలా సర్వర్లు దాన్ని కప్పిపెడుతున్నాయి, తమ దగ్గర మాత్రం ఉంచుకుంటాయి. ఫిన్లాండులో యోహాన్ హెల్సింగియస్ నడిపిన అనామక సర్వీసు పెనెట్‌ని 90ల్లో లక్షల మంది నమ్ముకున్నారు. 1995లో పోలీసులు వచ్చి ఒక వాడుకరి అసలు చిరునామా ఇప్పించుకున్నారు. 1996లో ఆయన దాన్ని మూసేశాడు. నడిపినవాడు మంచివాడే, కానీ మధ్యవర్తి మంచితనం మీద ఆధారపడిన రహస్యం అంతవరకే నిలుస్తుంది.

పేరు తెలుగు లిపిలో పెట్టవచ్చా అన్నది చిన్న విషయంగా కనబడుతుంది గాని నాకు ఇష్టమైనది. పాత న్యూస్‌రీడర్లకి ఇంగ్లీషు అక్షరాలే తెలుసు. 1996 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2047 వేరే లిపులని చుట్టచుట్టి పంపే పద్ధతి చెప్పింది. దాన్ని విప్పలేని ప్రోగ్రాములో మీ పేరు ప్రశ్నార్థకాలు, సమానం గుర్తులు, అర్థంలేని అక్షరాల గొలుసులా కనబడుతుంది. ఇప్పటి థండర్‌బర్డ్ నిక్షేపంగా విప్పుతుంది. వెంకటేశ్వర్లుని ఇంగ్లీషులో రకరకాలుగా రాస్తాం, వెతికేవాడికి దొరకం. తెలుగులో రాస్తే ఒక్కటే. గ్రూపు తెలుగుదైతే నా ఓటు తెలుగు లిపికే.

ఈ రెండు గడులనీ ఒకే ప్రశ్నగా చూడడం మానేస్తే తగువు చాలావరకు సర్దుకుంటుంది. పేరు మనల్ని గుర్తుపట్టడానికి, చిరునామా మనతో మాట్లాడడానికి. పేరు గడిలో అసలు పేరైనా సరే, మారుపేరైనా సరే, పదేళ్ళు మార్చకుండా ఉంచుకోగలిగిందే రాయాలి. చిరునామా గడిలో పనిచేసేదే ఇవ్వాలి. ఇంటిదీ ఆఫీసుదీ కాకుండా దీనికోసమే తెరిచిన పెట్టె ఒకటి పెట్టుకుంటే చాలు. అసలు చిరునామాయే నిజాయితీ అనేవాళ్ళకి ఒక మాట చెప్పాలి. 90ల్లో మన విద్యార్థులు ఇచ్చిన యూనివర్సిటీ చిరునామాలు నూటికి నూరుపాళ్ళు నిజమైనవే. డిగ్రీ చేతికొచ్చాక అవి ఒక్కొక్కటే మూతపడ్డాయి. పాత పోస్టు చదివి ఆ మనిషికి రాద్దామంటే ఇవాళ ఆ నిజమైన చిరునామా దేనికీ కొరగాదు.

మారుపేరు చెల్లని చోట్లు కూడా ఉన్నాయి. ఒక మనిషిని పేరుపెట్టి ఆరోపించేటప్పుడు, సాటివాళ్ళ దగ్గర చందా అడిగేటప్పుడు, ‘నేను డాక్టర్ని, ఈ మందు వేసుకోండి’ అన్నప్పుడు రాసినవాడెవరో తెలిసి తీరాలి. ఎదుటివాడి పరువో డబ్బో ప్రాణమో మన మాట మీద ఆధారపడినప్పుడు మనం మాత్రం తెర వెనక ఉంటామంటే కుదరదు. ఆరోపించేవాడికే ప్రాణభయం ఉంటే ఏం చేయాలన్నది ఇక్కడ మిగిలే గట్టి చిక్కు. పత్రికలు దీనికో పద్ధతి పెట్టుకున్నాయి: పేరు ప్రచురించనక్కర్లేదు, కానీ సంపాదకుడికి తెలియాలి. న్యూస్‌గ్రూపుకి సంపాదకుడు లేడు. అక్కడ ఆ భారం మోయగలిగేవాళ్ళు లేరు గనక అలాంటి మాటకి అది తగిన చోటు కాదనే నేననుకుంటాను.

పాత పోస్టుల విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు. 1995లో పోస్టులని దాచి వెతికిపెట్టే డెజాన్యూస్ వచ్చేదాకా, రాసింది కొన్ని వారాల్లో సర్వర్ల మీంచి చెరిగిపోతుందనే మామూలు వాడుకరి అనుకునేవాడు. 2001లో గూగుల్ డెజాని కొని, అదే ఏడాది చివర ఇరవై ఏళ్ళ పాత పోస్టులని వెతుక్కునేలా పెట్టింది. ఇరవై రెండేళ్ళ వయసులో, పాస్‌వర్డ్ ఫైలు తగిలించిన పూర్తి పేరుతో, కులం మీదో సినిమా హీరో మీదో ఆవేశంగా రాసినవాళ్ళు ఇప్పుడు యాభై దాటారు. వాళ్ళు ఎంచుకుని ఆ గడి నింపలేదు, అది శాశ్వతమని వాళ్ళకెవరూ చెప్పనూ లేదు. అలాంటివారు తమ పోస్టు తీసేయమని అడిగితే చరిత్ర పోతుందని అడ్డుపడేవాళ్ళున్నారు. నెట్‌లో తెలుగు ఎలా మొదలైందో తెలిపే ఆధారాలు కావాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ పోస్టులో మాట ఉంచి పేరు తీసేయవచ్చు. అది కుదరకపోతే పోస్టే తీసేయాలి.